దూరపు బాటసారికి రొట్టె, నిద్ర

ధ్యానభాగము: 1 రాజులు 19:1–8



పెద్ద రహదారుల ప్రక్కనున్న గ్రామములలో కాపురముండు మనవారు కొందరు ఈ దృశ్యమును చూచియే యుందురు. శనివారము రాత్రి బాగుగా ప్రొద్దుపోయి, లారీలు తప్ప మరేమియు తిరుగని వేళ, ముందు తెల్లదీపము, వెనుక ఎర్రదీపము వెలిగించుకొని, వెలుతురు పడినప్పుడు తళుక్కుమను పట్టీల చొక్కా తొడుగుకొని, ఒంటరిగానో ఇద్దరు ముగ్గురు కలిసియో సైకిలు త్రొక్కుచు పోవువారు కనబడుదురు. టీకొట్టు దగ్గర దిగుదురు. ఒక అరటిపండు తిని, టీ త్రాగి, తాము ఆ చోటికి వచ్చిన వేళను ఒక చిన్న అట్టమీద గుర్తు వేయించుకొని, మరల చీకటిలో కలిసిపోవుదురు. ఎక్కడనుండి వచ్చుచున్నారని అడిగినయెడల ఎంతో దూరముననున్న ఊరి పేరు చెప్పుదురు. ఎక్కడికి పోవుచున్నారని అడిగినయెడల, బయలుదేరిన చోటికే తిరిగి పోవుచున్నామందురు. అది విని మన పెద్దలు, ఇదేమి పిచ్చి అని నవ్వుకొందురు.

అది పిచ్చి కాదు. క్రమము గల ప్రయాణము. దానిని 'బ్రెవే' అందురు. అది ఫ్రెంచి మాట. యోగ్యతాపత్రమని దాని అర్థము. హైదరాబాదు మొదలైన మన పట్టణములలోను ఇట్టి ప్రయాణములు జరుగుచున్నవి. 200 కిలోమీటర్ల దూరమునకు పదమూడున్నర గంటలు, 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400 కిలోమీటర్లకు 27 గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. ఈ నాలుగింటిని ఒకే సంవత్సరములో ముగించినవానిని ఆ పనిలో ఆరితేరినవానిగా ఎంచుదురు. దారిలో అక్కడక్కడ తనిఖీ స్థలములు కలవు. ప్రతి స్థలమునకు తెరచు వేళయు, మూయు వేళయు ముందే నిర్ణయింపబడి యుండును. మూసిన తరువాత వచ్చినను చెల్లదు, తెరువకముందు వచ్చినను వేచియుండవలసినదే. సహాయము చేయు బండి వెంట రాకూడదు. పంక్చరు పడినను చైను తెగినను తానే బాగుచేసికొనవలెను.

ఇందులో మాకు ఎక్కువగా నచ్చిన సంగతి ఒకటి కలదు. ఇది పందెము కాదు. మొదటివాడెవడు, రెండవవాడెవడు అను వరుస ఉండదు. గడువులో ముగించిన వారందరి పేర్లు సమానముగా వ్రాయబడును. గంటలకొలది ముందుగా వచ్చిన యువకునికిని, మూయబోవు నిమిషమున చేరిన నెరసిన తలవానికిని గౌరవము ఒక్కటే.

ఇప్పుడు 600 కిలోమీటర్ల లెక్క చూడుడి. శనివారము ఉదయము 6 గంటలకు బయలుదేరినవాడు ఆదివారము రాత్రి 10 గంటలలోగా చేరవలెను. గంటకు 20 కిలోమీటర్లు త్రొక్కువానికి త్రొక్కుటకే 30 గంటలు పట్టును. మిగిలినవి పది గంటలు. అన్నము, నీళ్లు, పంక్చరు, వాన, ఎదురుగాలి, నిద్ర అన్నియు ఆ పదిలోనే ఇముడవలెను. కాబట్టి శనివారపు పగలు సంతోషముగా గడచిపోవును. కష్టము వచ్చునది ఆ రాత్రియే. సగము దూరము వెనుక, సగము దూరము ముందు ఉండగా, మధ్యనున్న చీకటిలో మనిషి తనలో తాను వాదించుకొనును: "నేనెందుకు బయలుదేరితిని? నావలన కాదు. ఇక్కడితో చాలు."

ప్రియులారా, ఈ మాట మనము ఎక్కడనో విన్నట్లు లేదా? అరణ్యములో బదరీచెట్టు క్రింద కూర్చుండి ఏలీయా ప్రవక్త పలికిన మాట ఇదియే గదా. ఇక చాలును, నా ప్రాణము తీసికొనుమని ఆయన దేవుని అడిగెను. ఆ చెట్టు క్రింద దేవుడు తన సేవకుని ఎట్లు ఆదరించెనో ఈ మాసము కలిసి ధ్యానింతము.

మొదటిది: అలసట వచ్చు విధము

ఏలీయా అధైర్యపడినది ఓటమి తరువాత కాదు, గొప్ప జయము తరువాత. కర్మెలు పర్వతముమీద అగ్ని దిగివచ్చెను. మూడేండ్ల కరవు తీరి వాన కురిసెను. ఆ సాయంకాలమే ఆయన నడుము కట్టుకొని అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెనని పదునెనిమిదవ అధ్యాయము చివర చదువుచున్నాము. రథమును మించి పరుగెత్తినవాడు, యెజెబెలు పంపిన ఒక్క కబురు విని, దేశపు దక్షిణపు కొనయైన బెయేర్షెబావరకు పారిపోయెను. తోడుగానున్న పనివానిని అచ్చట విడిచెను. తరువాత ఒక దినమంత దూరము ఒంటరిగా అరణ్యములోనికి పోయి కూలబడెను. ఆకలి, నిద్రలేమి, ఒంటరితనము మూడును కలిసి ఆయనను పడద్రోసినవి.

సైకిలుమీద దూరము పోవువారికి ఇది బాగుగా తెలిసిన సంగతి. మన దేహము తిన్న ఆహారములోని చక్కెరను కండరములలోను కాలేయములోను దాచుకొనును. ఆ నిలువ పెద్దది కాదు. ఏమియు తినక గంటలకొలది గట్టిగా త్రొక్కినయెడల అది తరిగిపోవును. మన మెదడు కూడ ముఖ్యముగా ఆ చక్కెరవలననే పనిచేయును. కాబట్టి అది తరిగినప్పుడు కాళ్లు బరువెక్కుటయే గాక మనస్సు కూడ చీకటి పడును. కారణము లేకయే ఏడుపు వచ్చును. చిన్న మెరక కొండవలె కనబడును. రాత్రి రెండు గంటలు మొదలుకొని తెల్లవారుజాము వరకు దేహము నిద్రను మిక్కిలి కోరును. ఆ వేళ కన్నులు తెరచియున్నను మెదడు కొన్ని క్షణములు నిద్రపోవును. మైలురాయి కుక్కవలెను, చెట్టు మనిషివలెను తోచును.

అట్టి సమయమున వాడు ఏమని తలంచును? తనకు ఆకలియైనదని తలంచడు. తాను పనికిరానివాడనని తలంచును! ఈ సంగతిని మనము బాగుగా గమనింపవలెను. దేహములోని లోటు మనస్సులోనికి వచ్చి సత్యమువలె మాటలాడును. ఏలీయాకును అట్లే జరిగెను. తన పితరులకంటె తాను ఏమాత్రము మంచివాడను కానని ఆయన అనుకొనెను. నిన్నటి అగ్ని, నిన్నటి వాన ఆయనకు జ్ఞాపకము రాలేదు.

మన సంఘములలో ఇట్టివారు లేరా? నెలలతరబడి రోగిప్రక్క రాత్రులు మేలుకొనిన కూతురు, నాకు విశ్వాసము పోయినది అనును. నాట్లనుండి కోతవరకు విశ్రాంతి యెరుగని రైతు, దేవుడు నన్ను మరచెను అనును. నాలుగు ఊళ్ల కూడికలు ఒక్కడే జరిపించుచున్న ఉపదేశి, నా పరిచర్య వ్యర్థము అనును. వీరికి విశ్వాసము తక్కువైనదని తీర్పు తీర్చకముందు, నిద్రపోయి ఎన్ని దినములైనదో, వేళకు అన్నము తిని ఎన్ని దినములైనదో అడుగుదము. మనము మట్టితో చేయబడినవారమని 103వ కీర్తన చెప్పుచున్నది. ఆ సంగతిని దేవుడు మరచుట లేదు. మనమే మరచుచున్నాము.

రెండవది: దేవుడు ఆదరించిన విధము

దేవుడు ఆ చెట్టు క్రింద తన ప్రవక్తకు ఏమి పంపెను? ఉపదేశము పంపలేదు. గద్దింపు పంపలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టెను, కుండతో నీళ్లను పంపెను. దూత వచ్చి తట్టి, లేచి తినుమని చెప్పెను. ఏలీయా తిని, త్రాగి, మరల పండుకొనెను. ఎందుకు మరల పండుకొంటివని దూత అడుగలేదు. నిద్రపోనిచ్చెను. ఇచ్చట నీకేమి పని అని దేవుడు ఏలీయాను అడిగిన మాట నిజమే. కాని ఎప్పుడు అడిగెను? నలువది దినముల తరువాత, హోరేబు గుహయొద్ద, ఆయన తిని నిద్రించి బలము పొందిన తరువాత అడిగెను. చెట్టు క్రింద అడుగలేదు. ప్రశ్నకు ముందు రొట్టె. ఇది దేవుని క్రమము.

లోకము క్రమము వేరు. దానికి ఒక సాక్ష్యము చెప్పెదము. ఈ దూర ప్రయాణములలో మిక్కిలి పేరుగాంచినది ఫ్రాన్సు దేశమందు జరుగును. పారిసు ప్రాంతమునుండి పడమటి సముద్రతీరమందలి బ్రెస్టు పట్టణమువరకు పోయి తిరిగి రావలెను. దూరము ఇంచుమించు 1,200 కిలోమీటర్లు. 1891లో ఒక వార్తాపత్రికవారు దీనిని పందెముగా ప్రారంభించిరి. రెండువందలమందికి పైగా బయలుదేరిరి. ఇంచుమించు సగముమంది మాత్రమే ముగించిరి. షార్ల్ టెరాన్ అనువాడు 71 గంటలకు పైగా నిద్ర లేక త్రొక్కి గెలిచెను. వానికంటె ముందు పోవుచుండిన పోటీదారుడు దారిలో ఒక ఊర నిద్రించుచుండగా, టెరాన్ వానిని దాటిపోయెనని చెప్పుదురు. పందెము నేర్పిన పాఠమిది: నిద్రించినవాడు ఓడిపోవును.

ఆ పందెము ఏమైనది? పదేండ్లకొకసారి జరుగుచు వచ్చి, 1951తో నిలిచిపోయినది. అంతటి శ్రమకు పూనుకొను పందెగాండ్రు కరవైరి. కాని 1931 మొదలుకొని దానితోపాటు సామాన్యుల ప్రయాణము ఒకటి జరుగుచుండెను. అందులో వరుస లేదు, బహుమానపు సొమ్ము లేదు, నిద్రించుటకు అడ్డు లేదు. అది నేటికిని నిలిచియున్నది. ఇప్పుడు నాలుగేండ్లకొకసారి జరుగుచున్నది. చాలమందికి గడువు 90 గంటలు. 2023లో ఆరువేలమందికి పైగా బయలుదేరిరి. 2019లోను 2023లోను మన దేశమునుండియు వందలకొలదిగా పోయిరి.

ఆ దారిలోని తనిఖీ స్థలములు ఎక్కువగా పాఠశాలలు, ఆటల భవనములు. అక్కడ ఊరివారు వంట చేసి వడ్డించుదురు. పెద్ద గదులలో వరుసగా మంచములు, పరుపులు వేయుదురు. వచ్చినవాడు తన్ను లేపవలసిన వేళ చెప్పి, దుప్పటి కప్పుకొని పండుకొనును. రాత్రియంతయు మేలుకొనియుండు పరిచారకుడొకడు ఆ వేళకు చీకటిలో మెల్లగా నడచి వచ్చి, మిగిలినవారి నిద్ర చెడకుండ వానిని మాత్రము తట్టి లేపును. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు ఏలీయాను తట్టిన దూతయే మనస్సునకు వచ్చెను. తనను లేపువాడొకడు మేలుకొని యున్నాడని తెలిసినందుననే ఆ అలసినవాడు నిశ్చింతగా నిద్రపోవుచున్నాడు. కునుకక నిద్రపోక మనలను కాపాడువాడు ఉన్నాడని 121వ కీర్తన నేర్పుచున్నది గదా. ఆయన మేలుకొని యున్నాడు గనుక మనము నిద్రించుట పాపము కాదు, విశ్వాసము.

మూడవది: చెట్టు క్రింద తీర్మానము చేయరాదు

ఈ ప్రయాణములలో అనుభవము గలవారు క్రొత్తవారికి చెప్పు బుద్ధి ఒకటి కలదు. మానుకొనవలెనని తోచినప్పుడు వెంటనే మానుకొనకుము. ముందు తినుము. కొంతసేపు పండుకొనుము. వెలుతురు వచ్చిన తరువాత ఆలోచించుము. అప్పుడును మానుకొనవలెనని తోచినయెడల మానుకొనుము. రాత్రి మూడు గంటలకు, కడుపు ఖాళీగా, ఒంటరిగా ఉన్నప్పుడు చేసిన తీర్మానము మంచి తీర్మానము కాదు. చాలమందికి ఒక రొట్టె, ఒక గంట నిద్ర, తూర్పున తెల్లని వెలుగు, ఈ మూడు కలిసినంతనే త్రోవ మరల త్రోవవలె కనబడును.

ఏలీయా చెట్టు క్రింద తీర్మానము చేసికొనెను, చావవలెనని. దేవుడు ఆ ప్రార్థన ఆలకించెను గాని ఆ కోరిక నెరవేర్చలేదు. ఎంత ఆశ్చర్యము! 2 రాజులు రెండవ అధ్యాయము చదువుడి. మరణము రుచిచూడక సుడిగాలిలో పరలోకమునకు పోయినవాడు ఎవడు? చావనిమ్మని అడిగిన ఈ ఏలీయాయే. ఆ రాత్రి ఆయన కోరినది జరిగియుంటే, హోరేబులోని మెల్లని స్వరము వినకపోవును. నేనొక్కడనే మిగిలితినని ఏడ్చినవాడు, బయలునకు మ్రొక్కని ఏడువేలమంది ఉన్నారని తెలిసికొనకపోవును. ఎలీషాను పిలువకపోవును. చెట్టు నీడనుండి చూచినవానికి వీటిలో ఒక్కటియు కనబడలేదు.

ఈ మాట మేము ఊరకే వ్రాయుటలేదు. మన పల్లెలలో పంట పోయి, అప్పు పెరిగి, పొలము గట్టుమీద చెట్టు క్రింద ఒంటరిగా కూర్చుండి, ఇక చాలునని అనుకొనిన సహోదరులు ఉన్నారు. ఇంటిలోని మాటలు భరింపలేక అట్లే తలంచిన సహోదరీలు ఉన్నారు. పరీక్ష తప్పిన బిడ్డలు ఉన్నారు. ఈ పత్రిక చదువుచున్న మీలో ఎవరికైనను ఆ తలంపు వచ్చియుంటే, ఈ మాట మీకే వ్రాయుచున్నాము. దేవునియొక్క గొప్ప ప్రవక్తకు కూడ ఆ తలంపు వచ్చెను. దానినిబట్టి దేవుడు ఆయనను త్రోసివేయలేదు. మీరు త్రోసివేయబడినవారు కారు. చెట్టు క్రింద తీర్మానము చేయకుడి. లేచి ఇంటికి రండి. ఒక ముద్ద తినుడి. నమ్మదగిన ఒకరితో, పాస్టరుగారితో గాని, ఇరుగుపొరుగువారితో గాని, ఉన్నదున్నట్లు చెప్పుడి. వైద్యునియొద్దకు పోవుట సిగ్గు కాదు. దూత తెచ్చిన రొట్టె ఎట్టిదో వైద్యుని మందు అట్టిదే. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలిమానస్ అను ఉచిత సేవ కలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినయెడల రాత్రి పగలు తెలుగులోనే మాటలాడువారు దొరకుదురు. అప్పును గూర్చిన ఆలోచన తెల్లవారిన తరువాత నలుగురము కూర్చుండి చేయుదము.

అయితే దూత రెండవమారు వచ్చినప్పుడు ఒక మాట అదనముగా చెప్పెను. పోవలసిన దారి నీ బలమునకు మించినది, గనుక తినుమనెను. దేవుడు త్రోవను తగ్గింపలేదు. ఏలీయాను ఎత్తుకొని పోలేదు. త్రోవ పొడుగుదని ఒప్పుకొని, త్రోవకు తగిన బలము ఇచ్చెను. విశ్రాంతి త్రోవ విడుచుటకు కాదు, త్రోవ సాగుటకు. తనిఖీ స్థలములో మంచము మెత్తగా నున్నదని అక్కడనే ఉండిపోయినవాడు గడువు దాటిపోవును. కొన్ని యేండ్ల క్రిందట ఏదో నొప్పి తగిలి, కొంతకాలము విశ్రమింతమని సంఘమునకు దూరమైనవారు మనలో కలరు. విశ్రమించుట తప్పు కాదు. కాని లేపు చేయి తట్టినప్పుడు లేవవలెను. ఈ వ్యాసము ఆ తట్టుటగా నుండును గాక.

నాలుగవది: త్రోవప్రక్కన బల్ల వేయువారు

పారిసునుండి బ్రెస్టునకు పోవు ఆ దారి బ్రిటనీ అను ప్రాంతపు పల్లెలగుండా పోవును. అది పొలములు, పశువులు గల వ్యవసాయదారుల దేశము. ఆ నాలుగైదు దినములు ఆ పల్లెవారు తమ ఇండ్ల ముందు బల్లలు వేసి, నీళ్లు, కాఫీ, రొట్టెలు, పలుచని దోసెలవంటి తమ ఊరి తీపి అట్లు పెట్టుకొని కూర్చుందురు. రాత్రి రెండు గంటలకును కొన్ని బల్లలమీద దీపము వెలుగుచుండును. చిన్నపిల్లలు దారిప్రక్క నిలిచి చేతులు చాపి, పోవువారి చేతులను తట్టుదురు. వెల ఎంత అని అడిగినయెడల చాలమంది ఏమియు పుచ్చుకొనరు. మీ దేశము చేరిన తరువాత ఒక ఉత్తరపు కార్డు వ్రాయుడి, అంతే చాలునందురు. అట్లు వచ్చిన కార్డులను దాచుకొని, మరల నాలుగేండ్లకు వచ్చినవారికి చూపుదురు.

ఆ బల్లయొద్ద కూర్చున్న ముసలమ్మ ఎన్నడును 1,200 కిలోమీటర్లు త్రొక్కినది కాదు. సైకిలు ఎక్కుటయే ఆమెకు రాకపోవచ్చును. అయినను ఆమె పెట్టిన గ్లాసెడు నీళ్లవలన ఎందరో బ్రెస్టు చేరిరి. శిష్యుడని ఒకనికి గిన్నెడు చల్లని నీళ్లిచ్చినవాడు తన ఫలమును పోగొట్టుకొనడని మన ప్రభువు మత్తయి పదియవ అధ్యాయము చివర వాగ్దానము చేసెను. ఈ వాగ్దానము పల్లెవారి కొరకే చేసినట్లున్నది. మన సంఘములు చిన్నవి. మనయొద్ద వెండి బంగారములు లేవు. కాని బల్ల వేయగలము గదా!

అపొస్తలుడైన పౌలు సంగతి జ్ఞాపకము చేసికొనుడి. ఆయన ఖైదీగా రోమునకు పోవుచు, ఓడ పగిలి, శీతకాలము ద్వీపములో గడిపి, నేపుల్సు దగ్గరనున్న పొతియొలీలో దిగి, అక్కడనుండి నేలదారిని బయలుదేరెను. పద్దెనిమిది శతాబ్దములకు పైగా గడచిన తరువాత, 1897లో, ఈ దూర ప్రయాణముల సంప్రదాయమునకు మొదలైన ఇటలీ సైకిలువారు ఒక్క పగటిలో రోమునుండి నేపుల్సునకు త్రొక్కినది ఆ ప్రాంతమందే. పౌలు వచ్చుచున్నాడని విని రోములోని సహోదరులు అప్పీయా సంతపేటవరకు, మూడు సత్రములను చోటివరకు ఎదురు వచ్చిరి. వారిని చూచి పౌలు దేవునికి కృతజ్ఞత చెల్లించి ధైర్యము తెచ్చుకొనెనని అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో లూకా వ్రాయుచున్నాడు. అంతటి పౌలునకు కూడ ధైర్యము కావలసి వచ్చెను. పేరు తెలియని సహోదరులు ఆ ధైర్యము తెచ్చిరి. వారు ప్రసంగము చేసినట్లు వ్రాయబడలేదు. ఎదురు వచ్చిరి, అంతే.

కాబట్టి ఈ మాసము ప్రతి సంఘములోను ఒక పని చేయుదము. మూడు వారములుగా కూడికకు రానివారెవరో లెక్క చూతము. ఎందుకు రాలేదని నిలదీయుటకు కాదు. ఒక గిన్నెలో కూర పట్టుకొని వారి యింటికి పోదము. పురుషులు పంట పోయినవాని గట్టుమీదికి పోయి ప్రక్కన కూర్చుందురు గాక. స్త్రీల సమాజమువారు బాలింత యింటిలోను, రోగి యింటిలోను ఒక రాత్రి మేలుకొని, ఆ యింటివారిని నిద్రపోనిత్తురు గాక. ఒక రాత్రి నిద్ర ఇచ్చుట కూడ కానుకయే.

ఆదివారమును గూర్చి ఒక మాట. ఈ ప్రయాణములు తరచుగా శని ఆదివారములలో జరుగుచున్నవి, ఆరాధన మాని పోవుట తగునా అని మన యౌవనస్థులు అడుగవచ్చును. కూడుకొనుట మానవద్దని హెబ్రీ పత్రిక పదియవ అధ్యాయము చెప్పుచున్నది. ఆ మాటను మేము తగ్గింపము. అయినను ఆదివారము దారిమీద ఉండువారు ఆటకొరకు పోవువారు మాత్రమే కారు. లారీ తోలువాడు, ఆసుపత్రిలో నర్సు, కూలి మానితే పొయ్యి వెలుగనివాడు కూడ దారిమీదనే ఉన్నారు. ఉదయము పది గంటలకు తెరచి పండ్రెండింటికి తాళము వేయు గుడి వారికి ఎప్పుడు తెరచియుండును? తనిఖీ స్థలమును నడుపువారు చివరివాని వేళవరకు దీపము ఆర్పరు. వారములో ఒక సాయంకాలమైనను అట్టివారికొరకు దీపము పెట్టి కూర్చుండుట మన పెద్దలు ఆలోచింపవలసిన సంగతి.

తుదకు, ఈ పోలికకు ఒక హద్దు కలదని మరువరాదు. బ్రెవేలో ఒక్క నిమిషము ఆలస్యమైనను పేరు ఎక్కదు. 2007లో ఫ్రాన్సు దారిలో వానయు చలియు మిక్కుటమై చాలమంది మధ్యలో ఆగిపోయిరి. మన దేశమునుండి పోయినవారిలోను అనేకులు గడువులో చేరలేకపోయిరి. ఎంత శ్రమించినను వారి పేర్లు ముగించినవారిలో లేవు. మన రక్షణ అట్టిది కాదు. అది మన కాళ్ల బలముమీద ఆధారపడినది కాదు. పదునొకండవ గంటకు వచ్చిన కూలివానికిని పూర్తి కూలి ఇచ్చిన యజమానుడు మనకున్నాడు. సిలువమీద చివరి గడియలో వేడుకొనిన దొంగను ఆ దినమే పరదైసులోనికి చేర్చుకొనిన ప్రభువు మనకున్నాడు. ఆయన మనకు ముందుగా త్రోవ ముగించెను. యాకోబు బావియొద్ద అలసి కూర్చుండి నీళ్లడిగినవాడు, దోనెలో తలగడమీద నిద్రించినవాడు మన అలసటను ఎరుగును. మనము పరుగెత్తుట ఆయన ప్రేమను సంపాదించుటకు కాదు; ఆ ప్రేమ మనకు ముందే దొరికినది గనుక పరుగెత్తుచున్నాము.

ప్రార్థింతము.

తండ్రీ, మేము మట్టియని నీవెరుగుదువు. చెట్టు క్రింద కూర్చున్న నీ బిడ్డలను ఈ మాసము దర్శించుము. వారికి రొట్టెయు, నిద్రయు, తట్టి లేపు చేయియు దయచేయుము. ఆ చేయి మాదై యుండవలసినప్పుడు మేము బద్ధకింపకుండునట్లు చేయుము. త్రోవ పొడుగైనను నీవు తోడైయున్నావని నమ్మి మేము సాగిపోవుటకు బలమిమ్ము. మాకు ముందుగా త్రోవ ముగించిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.